ముద్ర పడ్డ అభ్యర్థి: బస్తర్ ఎన్నికలు పత్రికలకు చెప్పే పాఠం

ఎన్నికలు వచ్చినప్పుడల్లా పత్రికల్లో ‘వివాదాస్పద అభ్యర్థి’ అనే మాట కనిపిస్తుంది. ఆ మాట ఎవరికి తగిలిస్తారు, ఎవరికి తగిలించరు అన్నది ఆదివాసీలమైన మాకు చిన్న విషయం కాదు. కేసులున్న కాంట్రాక్టరు నామినేషన్ వేస్తే ఆయన ‘బలమైన అభ్యర్థి’ అవుతాడు. పోడు భూమి కోసం కొట్లాడి జైలుకు పోయినవాడు నామినేషన్ వేస్తే ముందు కేసు వస్తుంది, ఆ తర్వాత పేరు వస్తుంది. ఆ మనిషి ఏం చేస్తానంటున్నాడో మాత్రం చాలాసార్లు రానే రాదు.

ఇలాంటి అభ్యర్థి గురించి వార్త ఎలా రాయాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి బస్తర్‌ను మించిన చోటు లేదని మేము అనుకుంటున్నాం. బస్తర్ మాకు పరాయి దేశం కాదు. శబరి, గోదావరి దాటితే అక్కడా మా కోయవాళ్ళే. ఇంటి పేర్లు, గట్టు గోత్రాలు, పండుగలు కలుస్తాయి. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఉన్నాయి. అక్కడ గూడేలు తగలబడితే ఇక్కడ భద్రాచలం, ములుగు అడవుల్లో కొత్త గుడిసెలు లేచాయి. అందుకే అక్కడి ఎన్నికల చరిత్ర మన చరిత్ర కూడా.

గెలిపించిన జనం, రాయని కలం

1952లో దేశానికి తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. బస్తర్ లోక్‌సభ స్థానంలో ముచాకి కోసా అనే ఆదివాసీ స్వతంత్రుడిగా నిలబడి కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించారు. దేశమంతా కాంగ్రెస్ గాలి వీచిన ఏడాది అది. ఆయన ఏం మాట్లాడారో, ఊళ్ళు ఆయనను ఎందుకు నమ్మాయో చెప్పే రాత మా చేతికి అందలేదు. ఓట్ల లెక్క మిగిలింది, మనిషి మిగల్లేదు. అచ్చులో మనకు జరిగిన మొదటి అన్యాయం ముద్ర వేయడం కాదు, అసలు రాయకపోవడం.

ఆ తర్వాత బస్తర్ నుంచి అచ్చులో బాగా కనిపించినవాడు మహారాజా ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్. ఆయన పుట్టుకతో ఆదివాసీ కాదు. కానీ దంతేశ్వరి అమ్మవారి తొలి పూజారిగా ఆదివాసీలు ఆయనను తమవాడిగా చూసుకున్నారు. ఆస్తిని చూసుకునే సామర్థ్యం లేదని చెప్పి ప్రభుత్వం 1953లో ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తీసుకుంది. 1957లో అదే మనిషి మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1961లో ఆయనను నిర్బంధించి రాజ హోదా తీసేశారు. దాన్ని నిరసిస్తూ లోహండిగూడలో గుమికూడిన ఆదివాసీలపై మార్చి 31న కాల్పులు జరిగాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయారు. ఆయన వెంట నిలబడ్డ ఆదివాసీలూ చనిపోయారు.

ప్రవీర్ చంద్ర గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది ఆయన వింత నడవడి గురించి, పూజల గురించి, జుట్టు గురించి రాశారు. లెవీ ధాన్యం గురించి, అడవి మీద హక్కు గురించి జనం ఎందుకు ఆయన గడప తొక్కారో రాసినవాళ్ళు తక్కువ. అభ్యర్థిని వింత మనిషిగా చూపితే అతని వెనుక నిలబడ్డ జనాన్ని తెలివిలేనివాళ్ళుగా చూపినట్టే. ఓటరుకు ఒక లెక్క ఉంటుందని, ఆ లెక్కకు కారణం ఉంటుందని ఒప్పుకోవడం నుంచే ఎన్నికల వార్త మొదలుకావాలి.

ఒకే జిల్లా, ఇద్దరు ఆదివాసీలు

ఇక మన కాలానికి వద్దాం. దంతెవాడ నుంచి ఇద్దరు ఆదివాసీల పేర్లు దేశమంతా వినిపించాయి. ఒకరు మహేంద్ర కర్మ. మరొకరు సోనీ సోరి. ఇద్దరూ వివాదంలో ఉన్నవాళ్ళే. ఇద్దరి మీదా పత్రికలు చాలా రాశాయి. ఆ రాతల మధ్య తేడా చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

మహేంద్ర కర్మ మొదట సీపీఐలో, తర్వాత కాంగ్రెస్‌లో పనిచేశారు. 1996లో స్వతంత్రుడిగా బస్తర్ ఎంపీ అయ్యారు. ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక మంత్రి అయ్యారు, తర్వాత ప్రతిపక్ష నాయకుడయ్యారు. 2005లో మొదలైన సల్వాజుడుంకు ఆయనే ముఖం. జుడుంను ‘ప్రజల స్వచ్ఛంద ఉద్యమం’ అని ప్రభుత్వం చెప్పింది, చాలా పత్రికలు అదే మాట రాశాయి. కర్మకు ‘బస్తర్ పులి’ అని పేరు పెట్టారు. ప్రభుత్వ లెక్కల్లోనే 644 ఊళ్ళు జుడుం ప్రభావంలో పడ్డాయి. జనం రోడ్డు పక్క శిబిరాలకు తరలారు. వేలాదిమంది నది దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చారు. మన పత్రికలు వాళ్ళకు ‘గుత్తికోయలు’ అని పేరు పెట్టి, అడవి నరుకుతున్నారని రాశాయి. వాళ్ళు ఎందుకు వచ్చారన్నది ఆ వార్తల్లో ఎప్పుడో గాని కనిపించలేదు.

2008 శాసనసభ ఎన్నికల్లో దంతెవాడలో కర్మ మూడో స్థానంలోకి పడిపోయారు. బీజేపీ అభ్యర్థి భీమా మండావి గెలిచారు. సీపీఐ అభ్యర్థి మనీష్ కుంజాం రెండో స్థానంలో నిలిచారు. పులి అని రాసిన పత్రికలకు ఊళ్ళ మనసు తెలియలేదని ఆ ఫలితం చూపింది. 2011 జులై 5న సుప్రీంకోర్టు, చదువు సరిగా లేని ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2013 మే 25న దర్భా లోయలో మావోయిస్టులు కాంగ్రెస్ నాయకుల వాహనాలపై దాడి చేసి కర్మను చంపారు. ఆ చావును మేము సమర్థించం. ఓటుతో ఓడించిన నాయకుడిని తుపాకితో చంపే హక్కు ఎవరికీ లేదు.

సోనీ సోరి దంతెవాడ జిల్లాలో ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని. మేమూ ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పేవాళ్ళమే. పగలు ఒకరు, రాత్రి ఒకరు వచ్చి బడి గురించి ఆరా తీసే చోట పంతులు బతుకు ఎలా ఉంటుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఎస్సార్ కంపెనీ కిరండూల్ నుంచి విశాఖపట్నం వరకు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో పంపేది. ఆ గొట్టం జోలికి రాకుండా ఉండేందుకు కంపెనీ మావోయిస్టులకు డబ్బు ఇచ్చిందని, అది సోనీ సోరి, ఆమె మేనల్లుడు లింగారాం కొడోపి ద్వారా చేరవేయబోయారని 2011 సెప్టెంబరులో పోలీసులు చెప్పారు. కంపెనీ ఆ మాటను ఖండించింది. సోనీ సోరి కూడా ఖండించి ఢిల్లీ వెళ్ళారు. అక్టోబరు 4న అక్కడే అరెస్టయ్యారు.

ఇక్కడ పాఠకుడికి తెలియవలసిన సంగతి ఒకటుంది. అదే ఏడాది జూన్‌లో సోనీ సోరి తండ్రిని మావోయిస్టులు కాలిపై కాల్చారు. ఆయనను పోలీసు ఇన్ఫార్మర్ అన్నారు. తండ్రికి అటువైపు ముద్ర, బిడ్డకు ఇటువైపు ముద్ర. ఈ ఒక్క వాక్యం వార్తలో ఉంటే చదివేవాడు కాసేపు ఆగి ఆలోచిస్తాడు. చాలా వార్తల్లో అది లేదు. ‘మావోయిస్టుల కొరియర్’ అనే మాట మాత్రం ఉంది.

లింగారాం సంగతి ఇంకా చూడాలి. ఆయన నోయిడాలో జర్నలిజం చదువుకుంటున్న రోజుల్లోనే, 2010లో, ఒక కాంగ్రెస్ నాయకుడి ఇంటిపై జరిగిన దాడికి ఆయనే సూత్రధారి అని, మావోయిస్టు ప్రతినిధి ఆజాద్ స్థానంలోకి రాబోయేది ఆయనేనని దంతెవాడ పోలీసులు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. అది అచ్చయింది. తన ఊరి సంగతులు తానే రాసుకుందామని కలం పట్టిన పిల్లవాడు వార్త రాయకముందే వార్త అయిపోయాడు.

అరెస్టు తర్వాత దంతెవాడ పోలీస్ స్టేషన్‌లో తనపై లైంగిక హింస జరిగిందని సోనీ సోరి చెప్పారు. సుప్రీంకోర్టు ఆదేశంతో కోల్‌కతాలో పరీక్షించిన వైద్యులు ఆమె శరీరంలో రాళ్ళు దొరికాయని నివేదించారు. ఆమె ఆరోపించిన అధికారికి 2012 గణతంత్ర దినోత్సవాన శౌర్య పతకం ప్రకటించారు. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆమెకు బెయిలు ఇచ్చింది. అప్పటికే ఆమె మీద పెట్టిన కేసుల్లో చాలావాటిని కోర్టులు కొట్టేశాయి.

2014: చీపురు గుర్తు అభ్యర్థి

బెయిలు వచ్చిన కొన్ని వారాలకే సోనీ సోరి ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున బస్తర్ లోక్‌సభ స్థానానికి నామినేషన్ వేశారు. ఇక్కడి నుంచి పత్రికల నడక మేము జాగ్రత్తగా చూడాలి. ఎందుకంటే తప్పు ఒకవైపు మాత్రమే జరగలేదు.

ఒక తరహా వార్తల్లో ఆమె ‘నక్సల్ నిందితురాలు’. ఆమె మీద కేసు ఏ దశలో ఉంది, ఎన్ని కేసుల్లో నిర్దోషిగా తేలింది అన్నది ఎక్కడో కింద ఉండేది, లేదా ఉండేదే కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం శిక్ష పడినవాళ్ళకే అనర్హత, అదీ సాధారణంగా రెండేళ్ళు లేక అంతకు మించిన శిక్షకు. విచారణలో ఉన్న కేసు ఎవరినీ అనర్హులను చేయదు. చట్టం నిలబడవచ్చని చెప్పిన మనిషిని వార్త నిలబడకూడనిదానిగా చూపింది.

మరో తరహా వార్తలు ఢిల్లీ నుంచి వచ్చాయి. అవి ఆమె మీద సానుభూతితో రాసినవి. వాటిలో ఆమె ఒక గాయం. పోలీస్ స్టేషన్‌లో జరిగిందే మళ్ళీ మళ్ళీ అడిగారు. పార్లమెంటుకు వెళితే ఏం చేస్తావు, జైళ్ళలో ఉన్న ఆదివాసీల కోసం ఏ చట్టం మార్చమంటావు, పీసా చట్టం, అటవీ హక్కుల చట్టం అమలు గురించి ఏమంటావు అని అడిగినవాళ్ళు తక్కువ. మంచి మనసుతో రాసినా అది అభ్యర్థి గురించిన వార్త కాలేదు.

ఆ ఎన్నికలో మిగతా అభ్యర్థులెవరో చూడండి. బీజేపీ నుంచి దినేశ్ కశ్యప్. తండ్రి బలిరాం కశ్యప్ చనిపోయాక 2011 ఉపఎన్నికలో ఆ స్థానానికే ఎన్నికైనవారు. కాంగ్రెస్ నుంచి దీపక్ కర్మ. మహేంద్ర కర్మ కొడుకు. సీపీఐ నుంచి విమలా సోరి, ఆమె కూడా ఆదివాసీ మహిళే. ఏప్రిల్ 10న పోలింగ్ జరిగింది. దినేశ్ కశ్యప్ లక్షా 24 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. దీపక్ కర్మది రెండో స్థానం. తర్వాత ఎక్కువ ఓట్లు పడింది నోటాకు, 38 వేలకు పైగా. విమలా సోరికి 33 వేలకు పైగా వచ్చాయి. సోనీ సోరికి దాదాపు 17 వేలు.

ఈ లెక్క చాలా చెబుతుంది. దేశం కళ్ళన్నీ ఒక్క అభ్యర్థి మీద ఉన్నాయి. ఆమెకన్నా రెట్టింపు ఓట్లు తెచ్చుకున్న మరో ఆదివాసీ మహిళ ఎవరికీ కనబడలేదు. ఆమె మీద కథ లేదు కాబట్టి. 38 వేలమంది ‘వీళ్ళెవరూ వద్దు’ మీట ఎందుకు నొక్కారో ఊళ్ళకు వెళ్ళి అడిగి రాసిన వార్త కూడా మా కంట పడలేదు. వివాదం ఎక్కడుంటే కెమెరా అక్కడుంటుంది. అయితే ఎన్నిక వివాదం కన్నా పెద్దది.

ఎన్నికలు అయిపోయాక కూడా ఆమె కథ ఆగలేదు. 2016 ఫిబ్రవరి 20 రాత్రి జగదల్‌పూర్ నుంచి ఇంటికి వెళ్తుండగా ఆమె ముఖానికి మంట పుట్టించే రసాయనం పూశారు. 2022 మార్చిలో దంతెవాడ ప్రత్యేక కోర్టు ఎస్సార్ కేసులో ఆమెను, లింగారాంను, మిగతా నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. ముద్ర పడడానికి ఒక ప్రెస్‌మీట్ చాలింది. అది చెరగడానికి పదిన్నర ఏళ్ళు పట్టింది. అరెస్టు వార్త చదివినవాళ్ళలో ఎంతమంది విడుదల వార్త చదివారు?

విలేకరి మెడ మీద రెండు కత్తులు

ఇదంతా విలేకరుల తప్పే అనడం న్యాయం కాదు. బస్తర్ విలేకరి సాయిరెడ్డిని 2008లో మావోయిస్టుల మద్దతుదారుడని పోలీసులు ప్రత్యేక భద్రతా చట్టం కింద జైల్లో పెట్టారు. 2013 డిసెంబరులో అదే మనిషిని బాసగూడలో మావోయిస్టులు చంపారు. 2015లో సోమారు నాగ్ అనే ఆదివాసీ విలేకరిని అరెస్టు చేశారు, ఏడాది తర్వాత కోర్టు నిర్దోషి అంది. 2016 మార్చిలో ఎడిటర్స్ గిల్డ్ బృందం బస్తర్ వెళ్ళి, భయం లేకుండా పనిచేస్తున్న విలేకరి ఒక్కరూ తమకు కనిపించలేదని రాసింది. 2025 జనవరిలో బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు పనిలో అవినీతి గురించి ఆయన వార్త చేశారు.

దీనికి తోడు డబ్బు. ఎన్నికల వేళ డబ్బు తీసుకుని వార్త రాసే పద్ధతిపై ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక తయారు చేయించింది. రాసిన ఇద్దరిలో ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. మన రాష్ట్రంలో జరిగినది కూడా అందులో ఉంది. డబ్బున్న అభ్యర్థి తన బొమ్మను తానే కొనుక్కుంటాడు. డబ్బు లేని అభ్యర్థి బొమ్మను పోలీసు ప్రెస్‌నోట్ గీస్తుంది. ఆదివాసీ అభ్యర్థి దాదాపు ఎప్పుడూ రెండో వరుసలోనే ఉంటాడు.

పొగడ్త కూడా ముద్రే

మన వైపు ఉదాహరణ సీతక్క. ములుగు కోయ ఆడబిడ్డ ధనసరి అనసూయ చిన్న వయసులో దళంలోకి వెళ్ళి, బయటికి వచ్చి, న్యాయశాస్త్రం చదివి, 2009లో ఎమ్మెల్యే అయ్యారు. 2018లో, 2023లో మళ్ళీ గెలిచి మంత్రి అయ్యారు. తెలుగు పత్రికలు ఆమె గురించి ప్రేమగానే రాస్తాయి. కానీ వార్త ప్రతిసారీ తుపాకితోనే మొదలవుతుంది. ఆమె 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆ పరిశోధన వరంగల్, ఖమ్మం జిల్లాలకు వలస వచ్చిన గొత్తికోయల బతుకు మీద. జుడుం మంటల నుంచి పారిపోయి వచ్చిన మన చుట్టాల మీద ఒక శాసనసభ్యురాలు పరిశోధన చేస్తే, ఆ పరిశోధనలో ఏముందో రాయడం కన్నా ‘అడవి నుంచి డాక్టరేట్ దాకా’ అన్న పాత కథ చెప్పడమే తేలికైంది. ద్వేషంతో వేసినా ప్రేమతో వేసినా ముద్ర మనిషిని గతంలోనే కట్టేస్తుంది.

మరి ఎలా రాయాలి?

రూలు లేక కాదు. పరిశీలించని ఆరోపణలను ఏ అభ్యర్థి మీదా అచ్చు వేయకూడదని ప్రెస్ కౌన్సిల్ 1996లోనే ఎన్నికల వార్తలకు నియమాలు పెట్టింది. తమ మీద ఉన్న కేసులను అభ్యర్థులే పత్రికల్లో ప్రకటించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మంచిదే. కానీ వార్త రాసేవాళ్ళు ఆ జాబితాను విప్పి చెప్పాలి. బ్యాంకు సొమ్ము ఎగ్గొట్టిన కేసు, పోడు కొట్టుకున్నందుకు అటవీ శాఖ పెట్టిన కేసు జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. అంకెలో రెండూ ఒకటే. బతుకులో ఒకటి కావు.

కాబట్టి మేము కోరేది ఇది. మొదటిది, కేసు ఉంటే అది ఎఫ్ఐఆర్ దశలో ఉందా, చార్జిషీటు పడిందా, విచారణలో ఉందా, శిక్ష పడిందా అన్నది పేరు పక్కనే రాయండి. రెండోది, ‘పోలీసులు చెప్పారు’ అన్న మాట శీర్షిక దాకా రావాలి. 2012 జూన్‌లో సర్కేగూడలో పిల్లలు సహా 17 మంది చనిపోతే మావోయిస్టులన్నారు. 2019లో విచారణ కమిషన్ అలాంటి ఆధారం లేదంది. మూడోది, ఊరికి వెళ్ళండి. గోండీ, కోయ తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. నాలుగోది, కొలత ఒకటే ఉండాలి. మావోయిస్టుల హింసపై నీ మాటేమిటని సోనీ సోరిని అడగాల్సిందే. తగలబడ్డ గూడేల సంగతేమిటని కర్మను కూడా అడగాల్సింది. అయిదోది, అందరినీ బడి, భూమి, దవాఖానా, అడవి గురించి అడగండి. చివరిది, అరెస్టు వార్త ఏ పేజీలో వేశారో విడుదల వార్త కూడా ఆ పేజీలోనే వేయండి.

మనవాళ్ళు కాబట్టి వదిలేయమని మేము అడగడం లేదు. మన అభ్యర్థి అబద్ధం చెబితే రాయండి, డబ్బు తింటే రాయండి, పక్క తెగ మీద విషం చిమ్మితే తప్పకుండా రాయండి. అడగకుండా వదిలేయడం కూడా మనల్ని పిల్లల కింద లెక్కగట్టడమే.

ఇప్పుడు మన ఊళ్ళ పిల్లలు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు, మండల విలేకరులుగా చేరుతున్నారు. వాళ్ళకు మా మాట ఒకటే. తొందరపడి ఎవరి నుదుటా పేరు రాయకండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, తర్వాత ఏం తేలింది అని మూడు ప్రశ్నలు అడిగాకే రాయండి. రాసినదాన్ని చివరిదాకా వెంబడించండి. లింగారాం కొడోపి రాయాలనుకున్నది రాయకముందే జైలుకు పోయాడు. ఆ పని ఇంకా అలాగే మిగిలి ఉంది.